బుర్గా మోసిన దుంగ

కొండ కింద, కాలిబాట మొదలయ్యే చోట, కట్టెల గుట్ట పక్కన ఒక బోర్డు ఉంది: 'పైనున్న సత్రానికి తలా ఒక దుంగ మోసుకెళ్లండి. ప్రేమతో మోస్తే బరువుండదు.' బుర్గా అది చూసినప్పుడల్లా మూతి విరుస్తుంది. ఆ లోయలో ఇంటింటికీ ఉత్తరాలు మోసి మోసి పింఛను పుచ్చుకున్న మనిషికి, బరువు సంగతి బోర్డు చెప్పాలా?

కానీ సత్రం నడిపే జీటా పెట్టిన ఒక రూలు మాత్రం ఆమెకు కావాలి. ఆదివారం అందరికంటే పెద్ద దుంగ తెచ్చినవాళ్లకు పొయ్యి పక్క బల్ల, సూపులో ఒక రొట్టె ఉండ అదనం. ఉండ లేకపోయినా బతకొచ్చు. ఆ వెచ్చటి బల్ల మీద కాసేపు కూర్చోకపోతే మాత్రం బుర్గా మోకాళ్లు కొండ దిగలేమని మొరాయిస్తాయి.

అందుకని ఆమె ఒక ఏర్పాటు చేసుకుంది. భోంచేసి వెళ్లేటప్పుడు సత్రం గోడవార కట్టెల్లోంచి ఒక లావుపాటి దుంగను చంకన పెట్టుకుని, మలుపు తిరగ్గానే పొదలో దాచేది. మరుసటి ఆదివారం చేతులూపుకుంటూ కొండెక్కి, పొద దగ్గర దాన్ని భుజానికెత్తుకుని, గుమ్మం చేరేసరికి ఆయాసం తెచ్చుకునేది. వేసవంతా ఒకటే దుంగ. ఎద్దు కన్నంత ముడి ఉన్న దుంగ.

మొదటి మంచు పడ్డ ఆదివారం పొదలో చెయ్యి పెడితే దుంగ లేదు.

లోపలికి వెళ్తే, చర్చిలో గంట కొట్టే విగిల్ ఆమె బల్ల మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. పొయ్యి ముందు నుంచి ఎద్దు కన్ను ఆమెనే చూస్తోంది.

"రా బుర్గా! దీన్ని మోసుకొచ్చేసరికి నడుం పడిపోయిందనుకో," అన్నాడు విగిల్, ఉండను చెంచాతో చిదుపుతూ.

"అయ్యో పాపం! ఎక్కణ్ణుంచేంటి?"

"ఇంకెక్కణ్ణుంచి? కొండ కింద నుంచే."

దొంగా అందామంటే తన గుట్టు బయటపడుతుంది. ఊరుకుందామంటే మోకాళ్లు ఊరుకోవడం లేదు. పరువా, మోకాళ్లా అని బుర్గా ఎంతోసేపు ఆలోచించలేదు.

"జీటా! ఆ దుంగ నాది. పోయిన వారం నీ గోడ దగ్గర నేనే కొట్టేశాను."

మిగతా బల్లల వాళ్లు చెంచాలతో సహా ఇటు తిరిగారు. జీటా గరిటెతో సహా వచ్చింది.

"నాకు ఎప్పట్నుంచో తెలుసులే. వారం వారం ఆ కన్ను నన్ను చూస్తుంటే నాకే సిగ్గేసేది. అయినా ఇద్దరూ కింద నుంచి తేలేదు. ఇక నీకు బల్లెందుకివ్వాలి?"

"వీడు ఒక్కసారి మోశాడు. నేను వేసవంతా మోశాను. ఆ మలుపు నుంచి ఇక్కడికి నేను వేసిన అడుగులన్నీ కలిపి చూడు, కొండ కింద నుంచి తెచ్చినట్టే!"

బల్లల వాళ్లంతా పగలబడి నవ్వారు. జీటా దుంగను పొయ్యిలోకి తోసేసింది.

"విగిల్, జరుగు. అదనపు ఉండ మాత్రం ఇవాళ ఎవరికీ లేదు."

"మరి నోట్లో ఉన్నదో?"

"మింగి ఏడువు."

బుర్గా మోకాళ్లు పొయ్యి కేసి చాపి, విగిల్ చెవిలో గొణిగింది: "ఏమోయ్, సర్దుకుంటే ఇది ఇద్దరికి సరిపోయే బల్లే."

వెళ్లేటప్పుడు జీటా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బుర్గా, చేతులు చూపించు."

బుర్గా పది వేళ్లూ విప్పి, తిప్పి, తీరిగ్గా చూపించింది. ఈలోగా సత్రం వెనక నుంచి విగిల్, కోటు బొత్తాలు పట్టక, నెలలు నిండిన మనిషిలా నడుచుకుంటూ మలుపు తిరిగాడు.