పాతరలో మార్తమ్మ సీసా

ఎండాకాలం సాయంత్రాలు మిద్దె మీద నీళ్లు చల్లడం మా అనంతపురంలో ఇంటింటా ఉన్న అలవాటే. పగలంతా కాలిన నాపరాళ్ల మీద బిందెడు నీళ్లు పోస్తే ముందు చుయ్యిమని ఆవిరి లేస్తుంది, వెనకే ఒక వాసన వస్తుంది. మట్టి వాసన కాదది, తడిసిన పలక వాసన. నిన్న నీళ్లు పోసి, చీపురు పక్కన పెట్టి, వంగి ఆ వాసన పీలుస్తుంటే మా అమ్మాయి చూసి, "ఏం పోగొట్టుకున్నావమ్మా, అట్ల వెతుకుతాండావు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. పోగొట్టుకున్నది వస్తువైతే అమ్మాయికి అప్పుడే చెప్పేదాన్ని.

తొంభైల చివర మేం పుట్టపర్తిలో ఉండేవాళ్లం. కింద నాయన కిరాణా కొట్టు, పైన అద్దెకిచ్చే గది. ఊరి నిండా విదేశీయులే కాబట్టి, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గది అడిగితే ఎవరూ వింతపడలేదు. ఆమె పేరు మార్త్. మా అమ్మ నోట్లో పడి మార్తమ్మ అయింది. తెలుగంతా మా కొట్టు అరుగు మీదే నేర్చుకుంది కనుక, "ఏమప్పా శెట్టీ, చింతపండు యాడ పెట్టినావు?" అని నాయననే దబాయించేది. డిగ్రీ ముగించి, పెళ్లి సంబంధాలు వస్తూ పోతూ ఉంటే కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్న నాకు ఆమె మెట్లు దిగి రావడమే పెద్ద సందడి.

ఆ మొదటి ఎండాకాలం నేను మిద్దె మీద నీళ్లు పోస్తుంటే ఆమె గబగబా వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, రాతికి ముక్కు ఆనించి కళ్లు మూసుకుంది. ఎండదెబ్బ తగిలిందేమోనని భయపడ్డాను. "సుజాతా, ఇది మా తోట," అంది చివరికి. వాళ్లది బర్గండీ అనే ప్రాంతం. అక్కడి కొండవాలు కింద ఇలాంటి సున్నపురాయే ఉంటుందట. దాని మీద పండిన తెల్ల ద్రాక్షతో ఆమె, భర్త కలిసి వైన్ చేసేవాళ్లు. ద్రాక్ష ఒకటే రకం, కానీ గట్టు దాటితే రుచి మారిపోతుందని, ఆ రుచి ద్రాక్షది కాదు, నేలదని చెప్పింది. మద్యం మాట ఎత్తితే చెవులు మూసుకునే ఇల్లు మాది. ఆమె మాత్రం పెరుగు గురించి చెప్పినంత మామూలుగా చెప్పేది. భర్త పోయాక కొడుకు తోట అమ్మేశాడు. "ఈడికి వచ్చినాక తాగేది మానేసినా. తలుచుకునేది మానలేదు," అంది.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు నాకు పాఠాలు మొదలయ్యాయి. ఊరగాయ తిన్న నాలుకతో దగ్గరికి రానిచ్చేది కాదు. స్టీలు గ్లాసుల్లో నిమ్మ నీళ్లు, కొత్త వెన్న, తేనె, వేయించిన వేరుశెనగ బుడ్డలు పెట్టి కళ్లు మూసుకోమనేది. మంచి బర్గండీ తెల్ల వైన్‌లో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయట, తోసుకోకుండా. మరీ చల్లగా పెడితే మాత్రం అది మూగబోతుందట. ముందు వాసన చూడాలి, ఆగాలి, గుక్క నోట్లో నిలపాలి. "మింగినాకనే అసలు రుచి," అనేది. "అది ఎంతసేపు ఉంటాదో చూడు. పోయినాక ఉండాదని చెప్పొద్దు. ఉండంగా పోయిందని చెప్పొద్దు." నాకు ఈ రోజుకీ తెలిసిన ధర్మం అదొక్కటే అనిపిస్తుంది. మనుషుల విషయంలో కూడా తొందరపడి తేల్చేయకుండా ఉండడం అక్కడే నేర్చుకున్నాను.

ఒక రోజు ట్రంకు పెట్టెలోంచి తడిగుడ్డ చుట్టిన సీసా తీసి చూపించింది. భర్త చేసిన చివరి ఏటి వైన్. ఏదో మంచి రోజు చూసి తాగుదామని తెచ్చుకుంది, ఆ మంచి రోజు రాలేదు. పై గది ఎండకు పొయ్యిలా కాలుతోంది. ఈ వేడికి అది చచ్చిపోతుందని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే అమ్మ చూడలేకపోయింది. ముదిగుబ్బ దగ్గర మా మామ ఇంట్లో జొన్నలు పోసే పాతర ఒకటి ఇంకా మిగిలి ఉంది. నేలలో తవ్విన ఆ గొయ్యిలో ఎండాకాలమైనా చల్లగా ఉంటుంది, సీసాను అందులో దాద్దామంది అమ్మ.

"మన ఇంట్లో వైన్ సీసా ఉండాదంటే ఊరు నవ్వుతుంది," అన్నాడు నాయన.

"అది సీసా కాదు. మొగుని గుర్తు," అంది అమ్మ.

నాయన దాన్ని చింతపండు సంచిలో దూర్చి, తనే బస్సులో తీసుకుపోయాడు. మామ దాన్ని జొన్నల మధ్య పడుకోబెట్టి, గడ్డి పరిచి, మట్టితో పాతర మూతి మూశాడు. పాతర మూసినాక గింజలు అవసరమయ్యేదాకా తెరవరు.

మరో రెండు వానాకాలాలు గడిచాయి. మార్తమ్మకు విషజ్వరం వచ్చి తగ్గింది, కానీ దాంతో ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. మిద్దె మీద నీళ్లు పోసి పిలిస్తే వచ్చి వంగి చూసి, తల అడ్డంగా ఊపి లేచి వెళ్లిపోయింది. కొడుకు తిరిగి రమ్మన్నాడు. వెళ్లేముందు మామ ఊరికి జీపులో పోయాం. మామ పాతర తెరిచి దీపం దించాడు, అది ఆరిపోయింది. లోపలి చెడుగాలి పోయి దీపం నిలిచేదాకా చాలాసేపు కూర్చున్నాం. మార్తమ్మ ఆ గొయ్యి వైపే చూస్తూ ఉంది.

సీసా తెరిచి, తన ఒకే ఒక గాజు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. వైన్ గానుగ నూనె రంగులో ఉంది. "నాకు ముక్కు లేదు. నువ్వు తాగి చెప్పు," అంది. నేను నాయన వైపు చూశాను. ఆయన గోడ వైపు తిరిగి, "ఆయమ్మ అడిగింది చెయ్యి," అన్నాడు.

"తడిసిన నాపరాయి," అన్నాను. ఆమె ముందుకు వంగింది. "వెన్న. బుడ్డలు వేయించిన వాసన. యాడనో తేనె." మింగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఉండాదా?"

"ఉండాది."

కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ ఉండాదన్నాను. అడిగిన ప్రతిసారీ నాలుక మీద వెతికి, నిజం చూసుకునే చెప్పాను. నాయన గోడ వైపు నుంచి తిరిగి, "ఇంకానా?" అన్నాడు.

ఫ్రాన్సులో ఆమె పోయిందని కొన్నేళ్లకు తెలిసింది. పాతర దగ్గర ఆ రోజు తర్వాత మళ్లీ నేను వైన్ తాగలేదు. కానీ రాయి తడిసిన ప్రతి సాయంత్రం ఆ చెయ్యి నా చెయ్యి పట్టుకుని అదే మాట అడుగుతుంది. నేను ఆగుతాను, వెతుకుతాను. పోయినాక ఉందని చెప్పకూడదు కదా. ఉండాది, మార్తమ్మా.