ముక్కుతో మోగిన మెట్టు

మా కోడలు పియానోను ముక్కుతో వాయిస్తుంది. సరే, మొత్తం కాదు, ఒక్క మెట్టే, అదే, ఒక్క కీ. ఆమె పళ్ళ డాక్టరు. రోగి నోట్లో ఇట్టే దూరిపోయే ఆ చిన్న చేతులు పియానో మీద మాత్రం చాలవు. పియానో పెద్ద పరీక్షకు మూడు స్వరరచనలు ఎంచుకోవాలి. రెండు కుదిరాయి. మూడోదాంట్లో ఒకచోట రెండు చేతులూ చెరో పక్కకు చాచి ఉండగానే నడిమి మెట్టు కూడా మోగాలి.

"ఇది వదిలెయ్యమ్మా. నీ చేతులకు సరిపడేవి బోలెడున్నాయి," అన్నారు పియానో టీచరు.

"నాకు నచ్చింది ఇదేనండీ. ఇది లేకపోతే నాకీ పరీక్షే వద్దు," అంది.

ఇక అన్నం బల్ల మీదా, ఇస్త్రీ బల్ల మీదా వేళ్ళు సాగదీయడమే పని. క్లినిక్‌లో చిగుళ్ళకు మత్తెక్కేలోపు రోగి కుర్చీకి కాళ్ళవైపు అంచు మీద కూడా వాయించేది.

"పన్ను పీకేది ఆ చివర్నుంచా డాక్టరమ్మా?" అని ఒకాయన హడలిపోయాడు.

ఆమె వేళ్ళు ఆగలేదు.

పరీక్ష గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. ఆమె పాసైంది. పరీక్షాధికారి మాత్రం తన ముక్కు తడుముకుంటూ బయటికి వచ్చాడు. నేనీ సంగతి చుట్టాలకు చెబుతుంటే వంటింట్లోంచి కోడలు కేకేసింది.

"అన్నీ కోతలే మామయ్యగారూ! ఆయనకి జలుబు. నేను వాయించింది గడ్డంతో."