ఆపితే లేవని జీపు

ఆ రోజుల్లో తమిళనాడు ధర్మపురి వైపు మా వెల్లిచందైలో ఎవరింటి ముందైనా జీపు ఉందంటే, అది నడుస్తుందా అని అడగడం మర్యాద కాదు. ఉంటే చాలు. డెబ్బైల మొదట్లో మా నైనా (మా ఇళ్లలో నాన్నను నైనా అంటాం) మిలిటరీవాళ్లు వాడి వాడి వదిలేసిన జీపొకటి సేలం నుంచి కొనుక్కొచ్చాడు. "యుద్ధం చూసిన బండి ఇది. నా మనవళ్ల కాలందాకా ఉంటాది" అని ఊరంతా చెప్పుకున్నాడు. "చూసి పారిపోయి వచ్చింటాది" అంది అమ్మ. ఇద్దరి మాటా నిజమేనని మాకు నిదానంగా అర్థమైంది. ఆ జీపు చావలేదు, అలాగని సరిగా బతకనూ లేదు. ఒకసారి ఆపితే మళ్లీ లేపడానికి ముందువైపు హ్యాండిలు పెట్టి చెయ్యి పడిపోయేలా తిప్పాలి, లేదా వెనకనుంచి నలుగురు తోయాలి. నీళ్లు మాత్రం మా ఎద్దులకన్నా ఎక్కువ తాగేది.

నేను టీచరు ట్రైనింగు ముగించి, ఇంట్లో కూర్చోలేక, లేచి చేసే పనీ లేక, వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతున్న కాలం అది. అప్పటికే రెండు స్కూళ్లు కాదన్నాయి. హరూరులోని ఒక ప్రైవేటు స్కూలు ఇంటర్వ్యూకి పిలిచింది. ఇదీ పోతే చింతపండులో గింజలు తీస్తూ ఏడాదంతా మేనత్తల సలహాలు వినాలి. ధర్మపురి బస్టాండు దాకా జీపులో దింపితే, అక్కణ్ణుంచి బస్సులో పోతానని ముందే ఒప్పందం చేసుకున్నాను. గంజి పెట్టిన చీర కట్టుకుని నైనా పక్కన ఎక్కాను. బస్టాండు వచ్చింది. జీపు ఆగలేదు.

"నైనా, నిలుపు! అదో హరూరు బస్సు!"

"నిలిపితే మళ్లా లేవదు పాపా. ఇట్లనే హరూరుకే పోదాం. అవసరపడొద్దు." (మా మాటల్లో అవసరమంటే తొందర. తమిళం నుంచి చుట్టంలా వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయిన మాట.)

మొరప్పూరు ఇంకా రాకముందే జీపు తనంతట తానే నిలిచిపోయింది. బానెట్ కింద నుంచి ఆవిరి బుసకొట్టింది. నైనా పక్క పొలాల్లో బావి వెతుక్కుంటూ బకెట్టుతో పరుగెత్తాడు. అంతలో నేను ఎక్కాల్సిన బస్సు పక్కనుంచే వెళ్లింది. కిటికీల్లోంచి అందరూ నన్ను చూశారు, నేను ఆకాశం చూశాను. "దాహమైంది, అంతే" అంటూ వచ్చి నీళ్లు పోశాడు నైనా. ఆయన స్టీరింగు పట్టుకుంటే, నేను కొంగు నడుముకు చుట్టి, దారినపోయే ఇద్దరు మేకలవాళ్లతో కలిసి తోశాను. బండి లేచింది. నా చీర కుచ్చిళ్లకు గ్రీసు అంటింది. దారంతా నేను చేతి గడియారం చూస్తుంటే, నైనా నన్ను చూస్తున్నాడు.

స్కూలు గేటు దగ్గర వేగం తగ్గించి, "దూకు పాపా!" అన్నాడు. దూకాను.

లోపల హెడ్‌మిస్ట్రెస్సూ, స్కూలు సెక్రటరీ అనే ఒక పెద్దాయనా ఉన్నారు. మాటలన్నీ తమిళంలోనే. రెండో ప్రశ్నకే కిటికీలోంచి మా జీపు కనిపించింది. నైనా గ్రౌండు చుట్టూ తిరుగుతున్నాడు. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా మెడ సాచి లోపలికి చూస్తున్నాడు. సెక్రటరీకి ఉండబట్టలేదు.

"ఆ జీపెవరిదమ్మా?"

"మా నాన్నదండీ."

"ఎందుకలా తిరుగుతోంది?"

"ఆపితే మళ్లీ స్టార్టు కాదండీ."

హెడ్‌మిస్ట్రెస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన గంభీరంగా లెక్కల్లోకి దిగారు. "దూరం తెలుసు, బండి వేగం తెలుసు. ఎంతసేపట్లో చేరుతుంది? పిల్లలకు ఎలా చెబుతావు?" నా చెవులు బయటే ఉన్నాయి. జీపు శబ్దం భవనం వెనక్కి పోతే ఆగిపోయిందేమో అని కిటికీ వైపు తిరుగుతున్నాను, మళ్లీ వినిపిస్తే పెద్దాయన వైపు తిరుగుతున్నాను. ఆ ఆత్రంలో నోరు జారింది. "చెప్పలేమండీ. దారిలో ఎన్నిసార్లు నీళ్లడుగుతుందో తెలియాలి కదా!"

ఇక చింతపండే అనుకున్నాను. కానీ పోయిన పరువు ఎలాగూ పోయిందని లేచి, సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద జీపునూ బావినీ గీసి, ఆగిన కాలాన్ని నడిచిన కాలంతో ఎలా కలపాలో చెప్పేశాను. పెద్దాయన దగ్గు వచ్చేదాకా నవ్వారు.

తిరుగు దారిలో మొరప్పూరు టీ కొట్టు ముందు నైనా తనే ఇంజను ఆపేశాడు.

"ఏం నైనా, ఆపేసినావే!"

టీ తాగి వచ్చి స్టార్టరు నొక్కాడు. జీపు ఒక్క దెబ్బకు లేచింది. నేను ఆయన వైపు తిరిగాను. "ఇప్పుడెట్ల లేచింది?"

"చల్లగా ఉన్నా, పొంగినా లేవదు గాని, ఇట్ల బాగా కాగిన ఇంజను లేస్తాది పాపా. ఆడ ఆపినా లేచిండేది."

"మరి గ్రౌండంతా ఎందుకు తిరిగినావు?"

రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు ఆయన. "లోపల నిన్ను ఏమేమి అడుగుతాండారో అని. ఒక తావున నిలబడలేకపోయినా. మనిషి ఒంటిగా చుట్టూ తిరిగితే పిచ్చోడంటారు. బండిలో అయితే ఎవురూ ఏమనరు కదా."

ఆ మాటకు నేను కరిగి నీరయ్యానని రాస్తే బాగుంటుంది. ఇరవై రెండేళ్ల ఆ పిల్ల చేసింది అది కాదు. "చీరంతా గ్రీసు, అందరూ నవ్వినారు" అని మూతి ముడుచుకుని, వెల్లిచందై దాకా ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది. (నెల తిరక్కుండానే ఆ ఉద్యోగం నాకే వచ్చింది. జీపు వల్లనా, బోర్డు వల్లనా అని నేనెవరినీ అడగలేదు.) ఇప్పుడు ఆ సీట్లో ఆ పిల్ల పక్కన కాస్త చోటు దొరికితే, గడ్డం పట్టుకుని, "ఒక్కసారి అటు చూడవే, మీ నైనాను" అంటాను. వినదు. దాని సంగతి నాకు తెలియదా!