ఫోన్‌లో పిల్ల, నా పది కిలోలు

మోకాళ్ళ ఆపరేషన్ చేయాలంటే రెండు కావాలన్నాడు ఖమ్మం డాక్టరు. ఒకటి, నేను పది కిలోలు తగ్గాలి. రెండు, సంతకం పెట్టి దవాఖానాలో నా పక్కన ఉండడానికి ఒక మనిషి రావాలి. మొదటిది విని గుండె గుభేలుమంది. రెండోదానికి నవ్వొచ్చింది. మా ఆయన పోయాడు, పిల్లాజెల్లా లేరు, నిజమే. కానీ చర్చి నిండా నా వాళ్ళే కదా! శుక్రవారం ఇళ్ళలో జరిగే ప్రార్థన కూడికలో ఒక్క మాట అంటే నలుగురు వచ్చి కూర్చుంటారు. ఆ ధీమాతోనే అశ్వారావుపేట బస్సెక్కాను.

బరువు తగ్గించే పని దవాఖానావాళ్ళు ఫోన్‌కి అప్పజెప్పారు. పొద్దున్నే ఒక మెసేజ్: టీలో చక్కెర మానండి, అరగంట నడవండి. సాయంత్రం ఇంకోటి: అన్నం తగ్గించారా? అవునైతే ఒకటి, కాకపోతే రెండు పంపండి. మాట్లాడే మనిషి దొరికితే వదిలే అలవాటు నాకు లేదు. 'తగ్గించాను కానీ పప్పుచారు బాగా కుదిరింది, ఏం చేయను' అని కూడబలుక్కుని టైపు చేసేదాన్ని. 'దయచేసి ఒకటి లేదా రెండు మాత్రమే పంపండి' అని జవాబొచ్చేది. దాని మొహం! అయినా మర్నాడు మళ్ళీ రాసేదాన్ని.

వారానికోసారి దవాఖానా తరఫున హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసేది. మొదట మేడమ్ అంది, తర్వాత ఆంటీ అంది. బరువెంతో ఆమెకు చెప్పాలి. ఇంట్లో నాకు కాటా ఎక్కడిది? నేను పని చేసేది పామాయిల్ గెలలు కొనే సెంటర్లో. రాలిన పండ్లు తూచే చిన్న కాటా ఒకటి అక్కడుంటుంది. దాని మీదే ఎక్కి నిలబడేదాన్ని. ట్రాక్టరు డ్రైవర్లకు అదో వినోదం.

"అక్కా, గెల లెక్కన రాయాల్నా, రాలిన పండు లెక్కన రాయాల్నా?"

"నీ తలకాయ లెక్కన రాయి. ముందు బండి జరుపు" అనేదాన్ని.

కిలో తగ్గిందని చెబితే ఆ అమ్మాయి "సూపర్ ఆంటీ!" అనేది. ఆ మాట కోసం సగం చపాతీ తిని లేచిపోయేదాన్ని. అబద్ధమెందుకు, మా ఆయన పోయాక రోజూ ఏం తిన్నావని అడిగింది ఆ ఫోన్ ఒక్కటే. ఎక్కువ తినొద్దని చెప్పడానికే అడిగినా సరే.

చిక్కు కూడిక దగ్గర వచ్చింది. మా కూడికల్లో ప్రార్థన అయ్యాక అందరికీ ప్లేట్లు వస్తాయి. ఆ శుక్రవారం కూడిక మా వదిన ఇంట్లో. సొంత వదిన కాదు, చర్చిలో వరస. మా ఆయన పోయినప్పుడు నెలంతా నా దగ్గరే పడుకున్న మనిషి. గారెలు, సేమ్యా పాయసం పెట్టింది. వద్దన్నాను.

"ఒక్కటి తిను వదినా."

"వద్దు. ఫోన్ల పిల్ల ఒప్పుకోదు."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఏంది? ఎవరో ఫోన్ల చెప్తే మా ఇంట్ల తినవా?" అంది.

నాకూ తిక్క రేగింది. "మోకాళ్ళు నావి, నొప్పి నాది. గట్ల బలవంతం చేస్తే ఎట్ల?" అని ప్లేటు పక్కకు నెట్టేశాను.

ఆవిడ ప్లేటు చేతిలోకి తీసుకుంది. "మా అత్త కాలంల మన ఇండ్లల్ల నీళ్ళు ముట్టనోళ్ళు ఉండె. వాళ్ళ మాట వేరు. మనోళ్ళే గిట్ల నెడితే ఏమనుకోవాలె?" అంది మెల్లగా.

ఆ మాట సూటిగా తగిలింది. మా వాళ్ళలో ఇంట్లో పెట్టింది తోసెయ్యడం ఎంత పెద్ద అవమానమో నాకు తెలియదా? తెలుసు. తప్పయిందని అనడానికి పంతం అడ్డొచ్చింది. తర్వాతి శుక్రవారం ఇంకో ఇంట్లో పునుగులుంటాయని భయపడి మానేశాను. ఆపై శుక్రవారమూ మానేశాను. మొదట్లో ఎవరో ఒకరు "రాలేదేంది?" అని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. ఆదివారం చర్చిలో వందనాలు చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. ఇంటికొచ్చి రాగి జావ కాచుకుని ఒక్కదాన్నే కూర్చుని తాగేదాన్ని. ఒంటరితనం ఆయన పోయినప్పుడు కూడా నాకింత తెలియలేదు. అప్పుడు ఇల్లంతా మనుషులు.

బరువు మాత్రం తగ్గింది. జాకెట్లన్నీ వదులయ్యాయి. పదో కిలో కూడా దిగాక డాక్టరు ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాడు. ఇక మనిషి కావాలి. పంతం పక్కనపెట్టి, సాయంత్రం పని అవగానే వదిన ఇంటికి వెళ్ళాను.

"రా వదినా, కూసో" అని కుర్చీ తుడిచి వేసింది. "బాగ చిక్కినవ్" అంది. మామూలుగా అయితే నేను చెప్పులు విడవకముందే స్టవ్ వెలిగించే మనిషి. వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఏం పెట్టాలె నీకు? నువ్వేం తినవాయె" అంది.

అందులో వెటకారం లేదు. వెటకారమైతే పోట్లాడేదాన్ని, పోట్లాటలో ఏడ్చేసి అడిగేసేదాన్ని కూడా. ఇంత టీ పొయ్యమని అనాల్సింది. వానల గురించి, గెలల రేటు గురించి కాసేపు మాట్లాడి లేచి వచ్చేశాను. వచ్చిన పని అడగనే లేదు.

మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, సాధించారు!" అని తెగ సంబరపడింది. నాకూ సంబరంగానే ఉంది. "హాస్పిటల్‌కి మీతో ఎవరొస్తున్నారు ఆంటీ? పేరు, నంబరు చెప్తే వాళ్ళకి వివరాలు పంపిస్తాను" అంది.

"నువ్వొస్తవా బిడ్డా?" అన్నాను.

"మేం పేషెంట్లని కలవకూడదు ఆంటీ, రూల్స్ ఒప్పుకోవు" అంది.

"ఊకెనే అన్నలే. మస్తుమందున్నరు నాకు. ఎవరొస్తరో అడిగి వచ్చే వారం నీకు చెప్త."

"వచ్చే వారం నేను చెయ్యను ఆంటీ. మీరు తగ్గిపోయారు కదా, ఇవాళ్టితో మీ కాల్స్ అయిపోయాయి."