రిబ్బన్ కట్టిన బెంచీ

మా బస్తీ దవాఖానా నాలుగింటికి తలుపు వేసేది. నా భార్య పనిచేసే నాచారం మందుల కంపెనీ బస్సు ఆమెను ఉప్పల్‌లో దింపేసరికి ఆరు. నడుమనున్న ఆ రెండు గంటలను నేను ఎన్ని విధాల లెక్కవేసినా పూడ్చలేకపోయాను. పగలంతా ఆమె బిళ్లలను డబ్బాల్లో సర్దుతుంది. తాను మింగాల్సిన షుగర్ బిళ్ల మాత్రం తాళం వెనక ఉండేది. రక్తం చూడకుండా సిస్టర్ బిళ్లలివ్వదు. దానికి మనిషి రావాలి, మనిషి రావాలంటే సెలవు పెట్టాలి, సెలవంటే సూపర్‌వైజర్ మొహం మాడ్చుకుంటాడు. చూస్తుండగానే ఆమెకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి.

నాది దవాఖానా ఎదురుగా చిన్న హార్డ్‌వేర్ దుకాణం. పెద్దగా చదువుకోలేదు గానీ ఇనుప కడ్డీని చూసి బరువు చెప్పడం, బస్సు ఎంత ఆలస్యంగా వస్తుందో అంచనా కట్టడం నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆ అంచనాల్లోకి ఒక నాయకుడు కూడా వచ్చాడు.

ఆయన చట్టసభ సభ్యుడు. ఏ సభ, ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ప్రజారోగ్యం మీద ఆయన అభిప్రాయాలు నాకు కంఠస్థం, ఎందుకంటే ఏ మైకు దొరికినా అవే చెప్పేవాడు. బస్తీకొక దవాఖానా ఉండాలి. పరీక్షలు ఉచితంగా చేయాలి. పెద్దాసుపత్రి దగ్గర్లోనే రావాలి. మూడూ మంచివే. సాయంత్రం కూడా తెరవమని అడిగితే మాత్రం నాలుగోది బయటికొచ్చేది: "ఆరోగ్యం కోసం మనిషి జర టైం తీసుకోవాలె."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను.

"గాయన్నే వచ్చి నా మిషన్ కాడ నిలబడుమను. నేను పోయి టైం తీసుకుంట," అంది నా భార్య.

ఇలా ఉండగా దవాఖానాకు కొత్త ఫ్యాన్ వచ్చింది. నాయకుడు పదకొండింటికి వచ్చి స్విచ్ నొక్కుతాడన్నారు. నాలుగైనా రాలేదు. ఆయన రాకముందు తాళం వేస్తే బాగుండదని డాక్టరమ్మ, సిస్టర్ అలాగే కూర్చున్నారు. ఈలోగా కంపెనీ బస్సులొచ్చాయి. దిగిన ఆడవాళ్లు లైటు చూసి లోపలికి నడిచారు. ఊరికే కూర్చోవడమెందుకని సిస్టర్ రక్తపరీక్షలు మొదలుపెట్టింది. ఆయన వచ్చేసరికి లైను గుమ్మం దాటింది.

"ఇంతమందా!" అని మురిసిపోయి ఫ్యాను వేశాడు. నా భార్య బిళ్లలు తెచ్చుకుంది.

సాయంత్రం దవాఖానా తెరిచి ఉంచే దారి నాకు ఆ పూటే కనబడింది. పొదుపు సంఘం నడిపే అక్క మా పక్కింట్లోనే ఉంటుంది. మరుసటి నెల ఆమెతో అన్నాను: "అక్కా, సారును మల్ల పిలుద్దాం."

"దేనికి?"

"బెంచీ ఇస్త. బెంచీ ఓపెనింగ్."

"బెంచీకి రిబ్బనా? నీకు పిచ్చి లేసిందా తమ్మీ?"

"కట్టొద్దని యాడన్న రాసుందా?"

ఆయన బెంచీకి కూడా వచ్చాడు, చీకటి పడుతుండగా. అప్పటికి బస్తీలో సగం మంది బీపీలు చూపించుకున్నారు. నా లెక్క మీద నాకు గురి కుదిరింది. పొద్దున పిలిస్తే సాయంత్రం వస్తాడు, అంతే.

మూడోసారికి ఏమివ్వాలో తోచక గోడ గడియారం ఇచ్చాను.

ఓపెనింగ్ రోజు పొద్దున పదకొండు కొట్టకముందే కారు వచ్చి ఆగింది. ఇంట్లో బిళ్లలు ముందురోజే అయిపోయాయి. వేసిన కుర్చీల్లో ఇద్దరు ముసలాళ్లు తప్ప ఎవరూ లేరు.

"ఈసారి టైముకే వచ్చిన్రు సార్," అన్నాను.

"గడియారం ఓపెనింగ్‌కు గూడ లేటొస్తే జనం నవ్వరా?" అన్నాడు. నా లెక్కలో అన్నీ వేసుకున్నాను గానీ గడియారాన్ని వేసుకోలేదు. ఆయన కుర్చీలన్నీ చూశాడు. "ఏరి జనం?"

సంఘం అక్క చెప్పింది: "ఆరింటికొస్తరన్నా."

"మరి నన్ను పదకొండింటికి రమ్మంటిరి?"

"మీరు గూడ ఆరింటికే వస్తరనుకున్నం."

డాక్టరమ్మ గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఎవనిది ఈ లెక్క?" అన్నాడు నాయకుడు. అందరూ నన్ను చూశారు.

"నాదే సార్. రెండుసార్లు కరెక్టుగనే వచ్చింది. మీరు లేటైతెనే దవాఖాన తెరిసుంటది. మా ఇంటామె ఆరింటికి గాని బస్సు దిగది."

ఆయన ఫోటోలు తీయడానికి తెచ్చుకున్న మనిషిని, ఖాళీ కుర్చీలను మార్చి మార్చి చూశాడు. "సాయంత్రం మల్లొస్త. అందాక తాళమెయ్యకున్రి."

ఆరింటికి లైను కట్టింది. నా భార్య వేలు గుచ్చించుకుని రక్తం చూపించుకుంది, బిళ్లలు సంచిలో వేసుకుంది. చివరి మనిషి కూడా వెళ్లిపోయాక ఆయన కారొచ్చింది.

"మల్ల ఏరి జనం?"

నాతో పాటు ఉండిపోయిన నా భార్యే జవాబిచ్చింది: "చూపిచ్చుకోని పోయిన్రన్నా. వాళ్లకు గూడ టైముండదు. వారానికి రెండు దినాలు సాయంత్రం తెరిపియ్యి. నువ్వు పిలిస్తె జనం అప్పుడొస్తరు."

ఆయన అధికారులతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. తర్వాతి సభలో మాత్రం ఆయన అభిప్రాయాలు మూడు కాస్తా నాలుగయ్యాయి. పాత నాలుగోది వినబడలేదు. పనిచేసే వాళ్ల కోసం సాయంత్రం దవాఖానా అన్నది తన మనసులో ఎప్పట్నుంచో ఉందని చెప్పాడు. నా భార్య గట్టిగా చప్పట్లు కొట్టింది. ఎందుకు కొడుతున్నావన్నాను.

"తెరిసిన్రు గద. ఎవని మనసుల ఉంటే నాకేంది?"

ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో దుకాణంలోంచి చూస్తే ఎదురుగా లైటు కనబడుతుంది. బస్సు దిగి ఆమె నేరుగా ఆ బెంచీ మీదికే వెళుతుంది. బెంచీ కాలికి ఇంకా రిబ్బన్ ముక్క ఉంది. తీసేద్దామని కత్తెర తీసుకుపోతే సిస్టర్ ఒప్పుకోలేదు. ఎప్పుడైనా మళ్లీ అవసరం పడొచ్చట.