పెళ్లి సీన్‌కు అరువు తెచ్చిన డోలు

జైలు తప్పించుకుందామని బయలుదేరి శవమై తిరిగొచ్చినవాణ్ణి నేను. కంగారు పడకండి, ఇది రాస్తున్నది దయ్యం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, కాలేజీ పోటీకని నేనూ నా స్నేహితుడు సుధాకరూ పెళ్లి కథతో చిన్న సినిమా తీశాం. దర్శకుణ్ణి నేనే, పెళ్లికొడుకునీ నేనే. తాళి కట్టే చోటికి వాయిద్యాలు లేవు. పినపాక అవతల అడవి పల్లెలో డోళ్లు మోగుతుంటే సుధాకర్ రోడ్డు మీదే నిలబడి టేపులోకి పట్టుకొచ్చాడు. ఆహా, ఏం దరువు! అతికించేశాం.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాది గ్రంథాలయంలో బల్లలు అరగదీసిన బుర్ర. కాపీరైట్ చట్టం కనబడితే వేడి పకోడీ పొట్లంలా ఆత్రంగా విప్పాను. ఒకరి సంగీతం అనుమతి లేకుండా వాడితే జైలట! చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకైతే నిద్ర కూడా పోయింది. గేటు చప్పుడైతే చాలు, పోలీసులే అనుకునేవాణ్ణి.

"గా ఊరోళ్లు నీ మీద కేసు పెడ్తరారా?" అన్నాడు సుధాకర్.

"చట్టం ఎవరికైనా చట్టమే. నడువ్, అనుమతి అడుగుదాం."

తీరా వెళితే ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. అందరూ చేలకు పోయారు. నా అపార మేధస్సు అప్పుడే పనిచేసింది. "వాళ్ల పాట వినిపిస్తే వాళ్లే వస్తార్రా!" అని టేప్‌రికార్డర్ గొంతు పూర్తిగా పెంచాను.

వచ్చారు. గొడ్డళ్లతో, కొడవళ్లతో ఉరుక్కుంటూ వచ్చారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు.

"ఎవలు సచ్చిండ్రు?" అని అరిచాడు ముందున్న పెద్దాయన.

నేను గబుక్కున టేపు ఆపాను. "ఎవరూ పోలేదు తాతా... ఇది మా పెళ్లి సీన్..."

"పెండ్లా? మనిషి పోతె కొట్టే డోలురా ఇది! నా ముసల్దే పోయిందనుకొని ఉరికొస్తిని!"

"నేనీడనే ఉన్న," అంది గుంపులోంచి ఒక అవ్వ. "నువ్వే పోయినవనుకున్న."

నా చట్టమంతా అప్పజెప్పి, అనుమతి అడిగాను. వాళ్లు తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యమధ్యలో ఒక్కొక్కరే తిరిగి, పాడెకు కొలత తీసుకుంటున్నట్టు నన్ను నిలువునా చూశారు. పారిపోదామంటే సుధాకర్ నా చొక్కా పట్టుకుని నా వెనకే దాక్కున్నాడు.

చివరికి పెద్దాయన అన్నాడు: "వాడుకోర్రి. గని మా డోలు అబద్దమాడదు. మోగిందంటె ఎవలన్నా సావాలె."

"వీడున్నడు తాతా!" అని సుధాకర్ నన్ను ముందుకు తోశాడు. మిత్రులంటే వీళ్లు!

"ఈడ గాదు బిడ్డా, మీ సినిమాల," అన్నాడు పెద్దాయన. ఊరంతా నవ్వింది. నాకు ఊపిరి మణుగూరు బస్సెక్కాక గానీ రాలేదు.

ఆ సీన్ మళ్లీ తీశాం. పోటీ రోజు, తెర మీద డోలు మోగింది. పెళ్లికూతురి మెడ దాకా తాళి తీసుకెళ్లిన నేను, రోగం లేదు, రొష్టు లేదు, దబ్బున పడి చచ్చాను. హాలంతా గొల్లున నవ్వింది.

"పెండ్లికొడుకు ఎందుకు సచ్చిండయ్యా?" అని అడిగారు మా లెక్చరర్.

"కాపీరైట్ కోసం సార్."

అందుకే, చదివిన పుస్తకాలన్నిటి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకపై ఏ పాట చెవిన పడినా, అది ఎవరిదని అడిగే ముందు, ఎవరు పోయారని అడుగుతాను.