ఒక అక్షరం ఎక్కువున్న మాట

నా చిన్నతనంలో మా పల్లెలో ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టే ఆడపిల్లను నేనొక్కదాన్నే. కోయిలకుంట్ల దగ్గర మాది చిన్న ఊరు. చర్చి పక్కనున్న మిషన్ బడిలో ఐదో తరగతి చదువుతున్నాను. ఆ చదువు నాకు కొంచెం తలకెక్కింది కూడా.

మా అవ్వ పేరున ఒక రాళ్ల చేను ఉండేది. దాని గట్టునే మా ఇల్లు. చేనులో జొన్న కూడా సరిగా పండేది కాదు గానీ కింద మంచి నల్ల బండ ఉంది. దానికోసం ఒక కంట్రాక్టరు వచ్చాడు. ఆయన రాయించిన అమ్మకం కాగితాన్ని వేరు కాపురమున్న మా పెదనాయన తెచ్చి, వేలిముద్ర వేయమని అవ్వను తొందరపెట్టాడు. అంతా ఇంగ్లీషే. అవ్వ దాన్ని నా చేతికిచ్చింది.

సగం మాటలు నాకు నోరు తిరగలేదు. చేను కొలతల తర్వాత ఒకటి మాత్రం తెలిసిన మాటలాగే కనిపించింది.

"మెసేజ్ అని ఉండాది అవ్వా. అంటే కబురు" అన్నాను గర్వంగా.

"అవునమ్మా, బండలు తీసేముందు మనకు కబురు చేస్తారంట" అన్నాడు పెదనాయన వెంటనే.

ఆ తొందర అవ్వకు నచ్చలేదు. "చేను అమ్మినాక మనకు కబురెందుకురా?" అంది. ఆయన చెంబెడు నీళ్లడిగి తాగి, కాగితం అవ్వ దగ్గరే వదిలి వెళ్లాడు.

మరునాడు పొద్దున్నే అవ్వ నన్ను వెంటబెట్టుకుని మా బడి టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. నిజానికి ఆమె మీదా అవ్వకు నమ్మకం లేదు. చర్చి అరుగుకు బండలు ఇస్తానని కంట్రాక్టరు మాటిచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే మిగతాదంతా కనబడకుండా కాగితం మడిచి, ఆ ఒక్క మాటే చూపించింది.

"ఇది మెసేజ్ కాదు పాపా. నడుమ యు అనే అక్షరం ఉండాది చూడు" అంది టీచరమ్మ. నా చెవులు వేడెక్కాయి. బడిలో ఉన్న చిన్న నిఘంటువులో ఆ మాట దొరకలేదు. చర్చి గదిలోంచి లావుపాటి పుస్తకం తెచ్చి వెతికింది. మెసువేజ్. చాలా పాత మాటట, దస్తావేజుల్లో తప్ప ఎవరూ వాడరట. ఇల్లు, వాకిలి, పశువుల కొట్టం, పెరడు అన్నీ కలిపి ఆ ఒక్క మాట.

అవ్వ ఆ అర్థాన్ని ఇంకోసారి చెప్పించుకుంది.

సాయంత్రం పెదనాయన వచ్చాడు. "ఆ కబురు మాట మనకు అక్కర్లేదు. దాన్ని కొట్టేసి ఇమ్మను కంట్రాక్టరును, వేలిముద్ర వేస్తా" అంది అవ్వ, మామూలుగా. ఆయన కాగితం పట్టుకుపోయి మూడు రోజులకు ఉత్త చేతులతో వచ్చాడు.

"ఒక్క మాట గూడా మార్చేది లేదంటాండాడమ్మా."

అప్పుడు చెప్పింది అవ్వ, ఆ మాటకు అర్థం, దాంతో చేనుతో పాటు ఇల్లూ పోయేదని. పెదనాయన తల దించుకుని "నాకు తెలీదమ్మా" అన్నాడు. అవ్వ లేచి ఆయనకు సంగటి పెట్టింది.

కంట్రాక్టరు మళ్లీ రాలేదు. ఇల్లు మాకే నిలిచింది. పెదనాయన రాకపోకలు మాత్రం తగ్గిపోయాయి. తెలిసే తెచ్చాడా, ఆయనా మోసపోయాడా అన్నది ఆయన పోయేదాకా ఎవరమూ అడగలేదు.

ఇప్పటికీ ఏ కాగితం చదివినా, తెలిసినట్టు కనిపించే మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. ఆగిన ప్రతిసారీ పెదనాయన గుర్తొస్తాడు. ఆ రోజు నేను ముందుగా 'కబురు' అని అందించకుండా ఉంటే, ఆ మాటకు ఆయన తనంతట తాను ఏమని చెప్పేవాడో.